పచ్చి బాలెంత నొప్పి మీ లెక్కలోకి రావాలి

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,



అయ్యా, మాది నిజామాబాద్ జిల్లా మాక్లూర్. నిజామాబాద్‌కూ ఆర్మూర్‌కూ నడుమ పసుపు పండించే పల్లెల్లో మాదొకటి. జనవరి వచ్చిందంటే మా దగ్గర పసుపు తవ్వకాలు మొదలవుతాయి. జూన్‌లో పెట్టిన విత్తనం భూమిలో ఏడు నుంచి తొమ్మిది నెలలు ఉండి అప్పుడు బయటికొస్తుంది. తవ్వినంత మాత్రాన పని అయిపోయిందని మా దగ్గర ఏ రైతూ అనుకోడు. మట్టి దులపాలి, గడ్డల నుంచి కొమ్ములు విరవాలి, ఉడకబెట్టాలి, కల్లంలో పది పదిహేను రోజులు ఆరబెట్టాలి, డ్రమ్ములో వేసి మెరుగు పెట్టాలి. ఆ నెల రోజుల పనిలో ఎక్కడ అశ్రద్ధ చేసినా తొమ్మిది నెలల కష్టం మార్కెట్‌లో నేలపాలవుతుంది. తవ్విన తర్వాతి పనిని బట్టే పసుపుకు ధర.

మా చిన్న బిడ్డ కాన్పు సరిగ్గా ఆ రోజుల్లోనే, ఫిబ్రవరిలో అయింది. ఊరంతా పసుపు ఉడికే వాసన. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినప్పుడు మా చేతిలో పాప టీకాల కార్డు ఉంది, పాప బరువు రాసిన కాగితం ఉంది, మళ్లీ ఎప్పుడు తీసుకురావాలో రాసి ఉంది. పాపను కన్నదాని గురించి ఒకే ఒక్క మాట చెప్పారు: “కుట్లు అవే కరిగిపోతాయి.” తొమ్మిది నెలలు మోసి కన్న తర్వాత ఆ ఒంటికి ఏం చేయాలో చెప్పేవాళ్లు లేరు. ఏ ఆసుపత్రి మీదో వేలు చూపడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కాన్పయిన మొదటి ఆరు వారాలు తల్లి ఒంటికి ఏం జరుగుతుందో, దాన్ని ఎంత తక్కువ ఖర్చుతో చల్లబరచవచ్చో నా కళ్లతో చూశాను గనుక రాస్తున్నాను.

ఆ మొదటి వారం మా ఇంట్లో ఎలా గడిచిందో చెప్తాను. బిడ్డ కూర్చోలేకపోయేది. పాలివ్వాలంటే ఒక పక్కకు ఒరిగి, పళ్లు బిగబట్టి కూర్చునేది. మా ఇంట్లో మరుగుదొడ్డి నేల మీద కూర్చునేదే. అక్కడ గొంతుక్కూర్చుంటే కుట్లు తెగిపోతాయేమోనని భయం. ఆ భయంతో రెండు రోజులు దొడ్డికి పోకుండా ఆపుకుంది, మూడో రోజు ఇంకా కష్టమైంది. మూత్రం పోసినప్పుడల్లా మంట. నాలుగో రోజు రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. పాప నోటికి అందక ఏడ్చేది, తల్లి నొప్పికి ఏడ్చేది. పాప పాలు తాగుతుంటే బిడ్డకు పొత్తికడుపులో మళ్లీ కాన్పు నొప్పుల్లాంటివి. చూడటానికి వచ్చిన చుట్టాలందరూ తొట్టెలోకి తొంగి చూసి, “పాప మంచిగున్నదా?” అని అడిగి పోయారు. బిడ్డ నొప్పి అంటే మా అత్త వరస ముసలమ్మ ఒకామె, “గట్లనే ఉంటది, ఓర్సుకోవాలె. మేము కనలేదా?” అంది. అల్లుడు గల్ఫ్‌లో ఉంటాడు. రోజూ వీడియోకాల్ చేసి పాప ముఖం చూపించమనేవాడు. ఫోను పాప వైపు తిప్పి, బిడ్డ తను కళ్లు తుడుచుకునేది.

మా ఆర్మూర్, మాక్లూర్ పల్లెల్లో ఇలా భర్త గల్ఫ్‌లో, భార్య తల్లిగారింట్లో ఉన్న బాలెంతలు ఎందరో. మీకు తెలియనిది కాదు.

అయ్యా, మన రాష్ట్రం ఒక పెద్ద పని సాధించింది. దాన్ని ముందుగా ఒప్పుకోవాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో జరిగింది. దాని ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. 2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశం మొత్తంలో 97 అయితే మన దగ్గర 43. మా అమ్మ కాలంలో కాన్పంటే చావుకూ బతుకుకూ నడుమ గీత. ఆ గీతను మీ డాక్టర్లు, నర్సులు, ఏఎన్‌ఎమ్‌లు, ఆశాలు చాలా దూరం జరిపారు. తల్లి బతకడం ఇప్పుడు దాదాపు ఖాయమైంది. ఇక ఆమె ఎలా బతుకుతోంది, ఎంత నొప్పితో తిరుగుతోంది అని అడగాల్సిన సమయం వచ్చింది.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు పెద్దాపరేషన్లే. దేశం సగటు 21.5 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే మన దగ్గర అది 81.5 శాతం, సర్కారు ఆసుపత్రుల్లో 44.5 శాతం. ఈ అంకెను ఎలా తగ్గించాలన్న చర్చ చాలాసార్లు జరిగింది, జరగాలి కూడా. కానీ ఈ రోజు రాత్రి ఇంట్లో మంచం మీద పక్కకు తిరగలేక పడుకున్న ఆడబిడ్డ సంగతేమిటి? కాన్పయిన పదిమందిలో ఆరుగురు కడుపు మీద కోతతో ఇంటికి పోతున్నారు. మిగిలినవాళ్లలోనూ చాలామందికి కింద కుట్లుంటాయి. మామూలుగా అవుతున్న కాన్పులో కోతను అలవాటుగా పెట్టకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. ఇంతమంది తల్లుల ఒళ్లు కోసి కుట్టిన చోట, ఆ కుట్ల బాగోగులు చూసే బాధ్యత కూడా కోసినవాళ్లదే అవుతుంది.

కాన్పు నొప్పిని ఓర్చుకోవడమే ఆడదాని ధర్మం అన్న మాట చాలా పాతది. నొప్పి లేకుండా చేయడం సృష్టికి విరుద్ధమని ఒకప్పుడు యూరప్ దేశాల్లోనూ వాదించారు. ఆ వాదం ఓడిపోయింది. మత్తుమందు క్లోరోఫాం ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888, 1889 సంవత్సరాల్లో పరీక్షలు జరిగింది మన హైదరాబాద్‌లోనే. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించిన ఆ కమిషన్లకు ఖర్చు పెట్టింది నిజాం ప్రభుత్వం. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో వైద్యం నేర్చిన రూపాబాయి ఫర్దూన్జీ మత్తుమందు ఇవ్వడంలో పేరు తెచ్చుకుంది. మనిషి నొప్పిని తగ్గించే విద్య కోసం నూటముప్పై ఏళ్ల కింద ఖజానా తెరిచిన గడ్డ ఇది. ఇప్పుడు బాలెంతకు ఒక టబ్బు, నాలుగు మాటలు ఇవ్వలేమా?

టబ్బు అని ఎందుకన్నానో చెప్తాను. బిడ్డ బాధ చూడలేక ఐదో రోజు ఒక రిటైరయిన నర్సమ్మను ఇంటికి పిలుచుకొచ్చాను. ఆమె వచ్చి మందుల చిట్టీ రాయలేదు. బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బును శుభ్రంగా కడిగించింది. కాచి, ఒళ్లు ఓర్చుకునేంత గోరువెచ్చగా అయిన నీళ్లు పోయించింది. పది పదిహేను నిమిషాలు బిడ్డను అందులో కూర్చోబెట్టింది. డెటాల్ వేయబోతే వద్దంది, ఉప్పు కూడా అక్కర్లేదంది. తర్వాత మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్దించింది. “రోజుకు రెండు మూడుసార్లు ఇట్ల చెయ్యి” అంది. బిడ్డ ఐదు రోజుల తర్వాత మొదటిసారి బిగబట్టిన భుజాలు వదిలింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. అంత చిన్న పని. ఐదు రోజులు తెలియకపోయింది.

ఆమె చెప్పినవన్నీ అంత చిన్నవే. మొదటి రోజూ రెండో రోజూ వాపున్నప్పుడు ఐసును గుడ్డలో చుట్టి పది ఇరవై నిమిషాలు పెడితే నొప్పి తగ్గుతుంది. ఐసును నేరుగా చర్మానికి తగిలించొద్దు. మూత్రం పోసేటప్పుడు మగ్గుతో గోరువెచ్చని నీళ్లు మీద పోసుకుంటూ ఉంటే మంట తెలియదు. తుడుచుకునేది ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే. ప్యాడు తడిసేదాకా ఆగకుండా నాలుగు గంటలకోసారి మార్చుకోవాలి. కూర్చొని పాలివ్వలేనప్పుడు పక్కకు పడుకొని ఇవ్వాలి. నొప్పి మరీ ఎక్కువైతే పారాసిటమాల్ డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోవచ్చు, పాలిచ్చే తల్లికి అది క్షేమమే. ఆస్పిరిన్ మాత్రం డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. పాలిచ్చేటప్పుడు వచ్చే కడుపునొప్పి గర్భసంచి ముడుచుకుంటున్నందువల్ల వచ్చేది. రెండో కాన్పు, మూడో కాన్పు తల్లులకు అది ఇంకా గట్టిగా వస్తుంది. కొద్ది రోజుల్లో పోతుంది. ఇంత తెలిస్తే సగం భయం పోతుంది. భయం పోతే సగం నొప్పి పోతుంది.

గట్టిపడ్డ రొమ్ములకు పాప నోరే మందు. అడిగినప్పుడల్లా, రాత్రీ పగలూ కలిపి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పట్టించాలి. పట్టించే ముందు వెచ్చటి గుడ్డ వేసి, కొంచెం పాలు చేత్తో పిండితే రొమ్ము మెత్తబడి పాప నోటికి అందుతుంది. పట్టించిన తర్వాత చల్లటి గుడ్డ వేస్తే సలుపు తగ్గుతుంది. చనుమొనలు పగిలితే పాప నోరు సరిగ్గా పట్టలేదని అర్థం. చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోయేలా పట్టించాలి. చివరి పాల చుక్కలే మొన మీద రాసి ఆరనివ్వాలి. ఒక చోట ఎర్రగా కందిపోయి, జ్వరం వస్తే మాత్రం ఆసుపత్రికి పోవాలి. పాలు మాన్పించకూడదు.

మా పెద్ద బిడ్డకు మూడేళ్ల కింద పెద్దాపరేషన్ అయింది. అప్పుడు ఈ సంగతులు మాకు తెలియవు. నులక మంచం మీద పడుకోబెట్టాం. నడుము కుంగిపోయి, లేవాలంటే ఇద్దరం పట్టుకోవాలి. గట్టి పరుపు మీద పడుకోబెట్టి, ముందు పక్కకు తిప్పి, చేతి మీద ఆనించి లేపాలని, దగ్గినా తుమ్మినా కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవాలని, పాప కంటే బరువైనదేదీ కొన్ని వారాలు ఎత్తకూడదని ఎవరైనా చెప్పి ఉంటే ఆ బిడ్డ అన్ని రాత్రులు మూలిగేది కాదు. నీళ్ల బిందె ఎత్తి, కుట్ల దగ్గర పట్టేసి, మళ్లీ మంచమెక్కింది.

ఇప్పుడు మా పెద్దవాళ్ల పద్ధతుల గురించి రాస్తాను. వాటిని మొత్తం తీసిపారేసే మాట వింటే నాకు కోపం వస్తుంది, మొత్తం మోసే మాట విన్నా కోపం వస్తుంది. పురుడయ్యేదాకా బాలెంతను పనికి దూరంగా ఉంచడం, తల్లిగారింట్లో నెలల తరబడి పెట్టుకోవడం, వేడి వేడి అన్నం, వెల్లుల్లి కారం, మిరియాల చారు, శొంఠి, కాయం ముద్ద, ఒంటికి నూనె రాయడం, నడుముకు వెచ్చటి నీళ్లు, ఇవన్నీ అలసిన ఒంటికి ఆదరువు. ఒంటరిగా ఒక గదిలో బిడ్డను పెంచే పట్నపు తల్లికి ఇవి దొరకవు. వేల మైళ్ల దూరం అమెరికాలో కాన్పయ్యే కూతురి కోసం మన తల్లులు శొంఠి పొడి, కాయం డబ్బాలు సర్ది విమానమెక్కేది ఇందుకే.

కానీ “నీళ్లు తాగితే కడుపు పెరుగుద్ది”, “పప్పు తింటే కుట్లకు చీము పడుద్ది” అన్న మాటలు మాత్రం బాలెంతను గోస పెడుతున్నాయి. పాలిచ్చే తల్లికి నీళ్లు ఆపితే మలబద్ధకం వస్తుంది. కుట్ల మీద ముక్కితే నొప్పి, మొలలు. పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు ఆపితే పుండు ఆలస్యంగా మానుతుంది. ఐరన్ గోళీలతో దొడ్డి నల్లగా, గట్టిగా అవుతుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే తల్లులు గోళీలే మానేస్తున్నారు. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని పైన చెప్పిన సర్వేనే చెప్తోంది. వాళ్లు గోళీ మానకూడదు. నీళ్లు, ఆకుకూరలు, పండ్లు పెంచుకోవాలి. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో బాలెంతకు భోజనం, గుడ్డు, పాలు పెడుతున్నారు. కానీ బాలెంత గడప దాటని మొదటి మూడు వారాలే ఆమెకు అవి ఎక్కువ అవసరం.

మసిలే నీళ్లు కడుపు కుట్ల మీద బాదకూడదు. గది తలుపులు మూసి కుంపటి పెడితే ఆ పొగ ముందుగా పోయేది పసిగుడ్డు ఊపిరితిత్తుల్లోకి. బాలెంత మంచం దిగకూడదన్న మాట కూడా తప్పే. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. పనికి దూరంగా ఉంచుదాం, నాలుగడుగులు మాత్రం నడిపిద్దాం.

ఇక పసుపు. ఈ మాట పసుపు ఊరి మనిషిగా నేనే చెప్పాలి. మా చిన్న బిడ్డ కుట్ల మీద పసుపు అద్దమని నలుగురు చెప్పారు. పాప బొడ్డు మీద కూడా. పసుపు మాకు అన్నం పెట్టే పంట. నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు 2025లో వచ్చిందంటే మేమంతా మా ఇంట్లో పండగలా చూశాం. పాలలో వేసుకున్నా, కూరలో వేసుకున్నా అది మంచిదే. కానీ ఆ కొమ్ము కల్లంలో ఎక్కడ ఆరుతుందో నాకు తెలుసు. దుమ్ములో ఆరుతుంది, దాని మీద మనుషులు నడుస్తారు, కోళ్లు తిరుగుతాయి, తర్వాత బస్తాల్లో నెలల తరబడి ఉంటుంది. దుకాణంలో దొరికే విడి పొడికి రంగు కోసం సీసం కలిసిన రసాయనం కలిపే దుర్మార్గులూ ఉన్నారు. అలాంటి పొడిని పచ్చి పుండు మీద, పసిగుడ్డు బొడ్డు మీద వేయడం పసుపును గౌరవించడం కాదు. కుట్లకు కావాల్సింది శుభ్రం, పొడితనం. ఈ మాట డాక్టరు చెప్తే మా ముసలమ్మలు వినరు. పసుపు పండించే ఊరి ఆడవాళ్ల చేత చెప్పించండి, వింటారు.

మా దగ్గర ఇంకో కష్టం ఉంది. నిజామాబాద్ జిల్లా అంటే పసుపు ఒక్కటే కాదు, బీడీలు కూడా. చాట ఒళ్లో పెట్టుకొని, సక్లముక్లం కూర్చొని, మెడ వంచి పొద్దంతా బీడీలు చుట్టే పని. కాన్పయిన పదిహేనో రోజుకు, ఇరవయ్యో రోజుకు ఆ చాట మళ్లీ ఒళ్లోకి ఎక్కుతుంది. కింద కుట్లున్న మనిషి సక్లముక్లం గంటల తరబడి కూర్చుంటే ఏమవుతుందో ఆలోచించండి. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం 37వ సెక్షన్, ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని ఇంటి దగ్గర బీడీలు చేసేవాళ్లకూ వర్తింపజేసింది. కానీ అందులోంచి రెండు సెక్షన్లు తీసేసి వర్తింపజేసింది. ఆ రెండింటిలో ఒకటి 10వ సెక్షన్. కాన్పు వల్ల జబ్బు పడిన తల్లికి అదనంగా నెల రోజుల దాకా కూలితో సెలవు ఇచ్చేది అదే. ఇంట్లో కూర్చొని చేసే ఆడదానికి కాన్పు నొప్పి ఉండదని అనుకున్నారో ఏమో. ఆ చట్టాలు ఇప్పుడు కొత్త కార్మిక కోడ్లలో కలిసిపోయాయి. కార్మిక శాఖ మీది కాదని నాకు తెలుసు. కానీ నొప్పి ఏ శాఖదో అడిగి రాదు. ఈ తల్లులకు ఆరు వారాలు చాట ముట్టకుండా ఇల్లు గడిచే దారి చూపమని మీ తోటి మంత్రులతో మీరు మాట్లాడాలి.

మీరు చేయగలిగినవి మీ చేతిలోనే చాలా ఉన్నాయి. కొత్త భవనాలు అడగడం లేదు.

మొదటిది సంచి. 2017 జూన్‌లో సర్కారు ఆసుపత్రుల్లో కాన్పయిన తల్లులకు 16 రకాల వస్తువులతో కిట్ ఇవ్వడం మొదలైంది. మా పెద్ద బిడ్డకు వచ్చిన సంచి నేను చూశాను. దోమతెర, పాప పడక, నూనె, పౌడరు, షాంపూ, బొమ్మలు, తల్లికి చీరలు, సబ్బు. ఇచ్చినందుకు మనసారా దండం పెట్టాను. కానీ ఆమె కుట్లకు, ఆమె రొమ్ములకు, ఆమె నడుముకు అందులో ఏమీ లేదు. దానికి ఏ పేరు పెట్టినా సరే, బాలెంతకు ఇచ్చే సంచిలో కూర్చునేంత టబ్బు, మగ్గు, పెద్ద ప్యాడ్లు, డాక్టరు రాసిన పారాసిటమాల్ పెట్టించండి.

రెండోది కాగితం. మా ఊరి మాటల్లో, బొమ్మలతో, పెద్ద అక్షరాల్లో ఒక్క పేజీ. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ఎప్పుడో ‘ప్రసూతి–శిశుపోషణ’ అని తెలుగులో పుస్తకం రాసింది. మన తల్లులకు మన భాషలో చెప్పాలని ఆ తరం డాక్టరమ్మకు తోచింది. ఇవాళ ఇంటికి పంపే కాగితంలో సగం ఇంగ్లిషే. ఏది మామూలు నొప్పో, దేనికి పరుగెత్తాలో అందులో ఉండాలి. గంటలోపే ప్యాడు నిండా తడిసినా, నిమ్మకాయంత గడ్డలు పడినా, దుర్వాసన వచ్చినా, 100.4 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, తలనొప్పితో చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, ఒక్క పిక్కే వాచి నొప్పెట్టినా, ఊపిరి ఆడకపోయినా, మూత్రం రాకపోయినా, కుట్లు విచ్చి చీము కారినా ఇక ఇంటి చిట్కాలు లేవు, 108కి ఫోన్ చేయాలి. మొదటి పది రోజులు ఊరికే ఏడుపు రావడం చాలామందికి మామూలే. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, తనకో పాపకో ఏమైనా హాని చేయాలన్న ఆలోచన వస్తే వెంటనే చెప్పుకోవాలి. దానికి 14416 టెలిమానస్ నంబరుంది. ఈ నంబరు మా వాడలో ఒక్క ఇంట్లోనూ తెలియదు.

మూడోది ప్రశ్న. ఆసుపత్రిలో పుట్టిన పసివాళ్లను చూడటానికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా ఇంటికి రావాలని 2011 నుంచి నియమం ఉంది. మా ఊరి ఆశా పాపం ఎండలో నడిచి వస్తుంది. పాపను తూకం వేస్తుంది, ఒళ్లు పట్టి చూస్తుంది. ఆమె అదే రాకలో తల్లిని పక్కకు పిలిచి నాలుగు మాటలు అడిగేలా చేయండి: కూర్చోగలుగుతున్నావా? కుట్లు ఎట్లున్నయి? దొడ్డికి సాఫీగా అవుతున్నదా? రాత్రి నిద్ర పడుతున్నదా? ఆ జవాబులు రాసుకోవడానికి కాగితంలో చోటివ్వండి, ఆ పనికి ఆమెకు కూలి పెంచండి. ఆ ప్రశ్న అత్త ముందు అడగొద్దని కూడా నేర్పండి. పక్క గదిలో అడిగితేనే నిజం వస్తుంది.

నాలుగోది చేయి. కాన్పయిన ఒకటి రెండు వారాల నడుమ, మళ్లీ ఆరో వారంలో తల్లిని చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. తల్లి బతికితే చాలదని, కాన్పు తర్వాతి రోజులు ఆమెకు మంచిగా గడవాలని ఆ సూచనల సారం. కింది కుట్ల నొప్పికి చల్లటి కాపడం, పారాసిటమాల్ ఇవ్వాలని అందులోనే ఉంది. కరీంనగర్‌లో 2017లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టి దేశానికి దారి చూపిన రాష్ట్రం మనది. అలా నేర్చుకున్న నర్సమ్మ వారానికి ఒక రోజు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బాలెంతల కోసమే కూర్చునేలా చూడండి. టీకాకు పాపను తెచ్చిన రోజే అయితే ఇంకా మంచిది, తల్లికి వేరే బస్సు ఖర్చు ఉండదు. 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష కింద మామూలు కాన్పుకు 3 రోజుల దాకా, పెద్దాపరేషన్‌కు 7 రోజుల దాకా ఆసుపత్రిలో ఉండగా తల్లికి ఉచిత భోజనం పొందే హక్కు ఉంది. ఆ రోజుల్లోనే ప్రతి తల్లికి పాప నోరు పట్టించడం, పక్కకు తిరిగి లేవడం, టబ్బులో కూర్చోవడం ఒక్కసారి చేసి చూపిస్తే, ఇంటికొచ్చాక మాలాంటి తల్లులం చూసుకుంటాం.

ఈ ఉత్తరం చదివే ఇళ్లవాళ్లకూ ఒక మాట. బాలెంతను చూడబోయినప్పుడు తొట్టె దగ్గరికి పోయే ముందు మంచం దగ్గరికి పోండి. గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లారా, వీడియోకాల్‌లో పాప ముఖం చూసే ముందు మీ భార్య ముఖం చూడండి. “ఓర్సుకో” అనే అత్తలారా, మీరు ఓర్చుకున్నది నిజమే. మీకు అడిగేవాళ్లు లేకపోయారు గనుక ఓర్చుకున్నారు. మీ కోడలికి మీరున్నారు.

మా చిన్న బిడ్డ ఇప్పుడు బాగుంది. పాప బోర్లా పడుతోంది. కల్లంలో పసుపు అమ్ముడుపోయింది, చేనుకు మళ్లీ విత్తనం చేరింది. ఈ ఏడాది కూడా పసుపు భూమిలో ఉన్నన్నాళ్లూ మా మండలంలో ఎందరో ఆడబిడ్డలు కడుపుతో ఉంటారు. జనవరిలో తవ్వకాలు మొదలయ్యేసరికి వాళ్లు పచ్చి బాలెంతలై తల్లిగారిళ్లకు వస్తారు. అయ్యా, అప్పటికల్లా వాళ్ల సంచిలో ఒక టబ్బు, చేతిలో మా భాషలో ఒక కాగితం ఉండేలా చూడండి. మూడో రోజు తలుపు తట్టిన మనిషి పాపను ఎత్తుకునే ముందు, “నువ్వెట్లున్నవ్ బిడ్డా?” అని అడిగేలా చూడండి.

ఇట్లు,
ఇద్దరు ఆడబిడ్డల కాన్పులు చూసిన ఒక తల్లి,
మాక్లూర్, నిజామాబాద్ జిల్లా